బావ మెట్టు, నా మడమ

మా అక్క మొగుడికి ఉచిత సలహాలివ్వడమంటే మహా సరదా. నేనూ ఆయనా ఒకే అగ్నిమాపక కేంద్రంలో పనిచేస్తాం. కిందటేడు ఆయనకు మడమ వెనక, పిక్కను మడమకు కట్టిపడేసే తాడు దెబ్బతింది. ఫిజియో చెప్పినట్టు మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమలు కిందికి దించుతూ లేపుతూ నయం చేసుకున్నాడు. అప్పట్నుంచీ ఎవరు కాలు నొప్పన్నా వాళ్ళను మెట్టెక్కించందే వదలడు.

ఈ ఏడు ఆ నొప్పి నాకొచ్చింది.

"నేనుండగా నీకు డాక్టరెందుకురా?" అన్నాడు.

బుద్ధిమంతుడిలా రోజూ మెట్టు అంచున వేలాడాను. ఎంత వేలాడితే అంత మండింది. బూటు తొడగాలంటేనే కళ్ళనీళ్ళు తిరిగేవి. చూస్తే గడియారం పెట్టి నిచ్చెన ఎక్కించి దించే పరీక్షకు మూడు నెలలే ఉన్నాయి. అది తప్పితే మంటల దగ్గరికి పంపరు, ఫోన్లెత్తే గదిలో కూర్చోబెడతారు. ఆ గదంటే నాకు చచ్చేంత భయం.

బావకు చెప్పకుండా ఆ ఫిజియో దగ్గరికే వెళ్ళి, బావ మెట్టెక్కించిన సంగతి చెప్పాను. ఆవిడ ముందు నా బూట్లు అడిగి తీసుకుని, వెనక అంచు ఎంత గట్టిగా ఉందో నొక్కి చూసింది. తర్వాత నా కాలు పట్టుకుని పైనుంచి నొక్కుకుంటూ వచ్చి, మడమ ఎముక దగ్గర ఆగింది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"మీ బావగారికి తాడు మధ్యలో దెబ్బతింది. మీకు అది ఎముకను పట్టుకునే చోట. మీ మడమ మెట్టు కిందికి దిగినప్పుడల్లా తాడు ఎముకకు ఒత్తుకుని నలుగుతోంది."

"అంటే మా బావే నా కాలు పాడుచేశాడు."

"ఆయన కాలికి అది సరైన మందేనండీ. మీ కాలు వేరు, అంతే."

ఎవర్నీ చిన్నబుచ్చని ఆ మాటతీరుకు నాకు ముచ్చటేసింది. చదునైన నేల మీదే మడమలు లేపమంది. బరువు మెల్లగా పెంచింది. బూట్లో మడమ కింద మెత్త పెట్టించింది. గోడకు నిచ్చెన ఆనించి నన్ను ఎక్కించి, "మునివేళ్ళతో ఎక్కుతున్నారు, మడమ కిందికి దిగిపోతోంది. పాదం మధ్యభాగం ఆనించండి" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా అడుగు ఎలా పడుతుందో చూసిన మనిషి ఆవిడొక్కతే.

ఇదంతా చెప్పాక బావ మూతి ముడుచుకున్నాడు. ఎవరికీ సలహాలివ్వడం కూడా మానేశాడు. నాకే జాలేసింది.

పరీక్ష రోజు నిచ్చెన కింద పట్టుకునే పని తనే అడిగి తీసుకున్నాడు. ఎక్కాను, దిగాను. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, నా మాట వింది. అధికారి గడియారం చూసి సరేనన్నట్టు తలూపాడు.

"తొందరగానే ఎక్కానా బావా?" అన్నాను.

"నాకేం తెలుసురా, నేను నీ మడమలే చూస్తున్నా." ఇంకా నిచ్చెన వదల్లేదు. కళ్ళు తడిగా ఉన్నాయి. "నా వల్ల నువ్వా ఫోన్ల గదిలో పడుంటే, మీ అక్కకు మొహం ఎలా చూపించేవాణ్ణిరా."