గడప పసుపు

శుక్రవారం పొద్దున్నే గడపలు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టడం దుర్గ పని. ఆ ఇంట్లో గడప దాటడం అందరి పనీ, గడప ముందు వంగడం ఒక్కరి పనీ. నెలలు నిండినప్పుడూ వంగింది, గౌతమి పుట్టాక మళ్ళీ వంగింది. ఒకరోజు నడుం పట్టేసి లేవలేక, "ఏవండీ, వారానికోసారి మీరు రాయకూడదా?" అని మొగుణ్ణి అడిగింది. చోడవరంలో పెయింట్ల కొట్టున్న మనిషి. ఊరి గోడలన్నిటికీ రంగులమ్మేవాడికి మూడు గడపలొక లెక్కా అనుకుంది.

ఆయన నవ్వి, మర్నాడే కొట్లోంచి పసుపు ఎనామిల్ తెచ్చి గడపలన్నిటికీ పూసేశాడు. ఎర్ర చుక్కలు కూడా పెట్టాడు. కిరసనాయిలుతో చేతులు తుడుచుకుంటూ, "సూడు, జన్మకి సరిపడా నీ పని తగ్గించీసేను" అన్నాడు. ఆ పూట చేసిన పనిని చుట్టాలకీ, కొట్టుకొచ్చినవాళ్ళకీ ఏడాదంతా చెప్పుకున్నాడు. దుర్గ అన్నేళ్ళు చేసిన పని గురించి చెప్పుకున్నవాళ్ళు లేరు. అయినా ఆమెకి సంతోషమే. నడుముకి విశ్వాసం ఎక్కువ, ఎవరు కాస్త విశ్రాంతి ఇచ్చినా నమ్మేస్తుంది.

పచ్చగా మెరిసే గడప చూసి వీధి వీధంతా ముచ్చటపడింది. ఎదురింటి సంధ్యారాణి, "మీ ఆయన్నడిగి మాకూ ఆ రంగే ఇప్పించవే" అంది. ఇంకేముంది, ఆయన పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాల్లోకి పోసి అమ్మడం మొదలెట్టాడు. 'గడప పసుపు' అని పేరు కూడా పెట్టాడు. ఆ పెద్ద డబ్బాకి మాత్రం పేరూ ఊరూ లేదు.

పేర్ల సంగతొచ్చింది కాబట్టి చెప్పాలి. దుర్గ మొగుడి పేరు పలకదు. "మొగుడి పేరు నోట్లోంచొస్తే ఆడి ఆయుష్షు తగ్గుతాది" అని అత్తగారు అచ్చియ్యమ్మ కాపురానికొచ్చిన రోజే చెప్పింది. బ్యాంకులో అడిగితే ఆధార్ కార్డు చూపిస్తుంది. ఆసుపత్రిలో అడిగితే అత్తగారి వైపు చూస్తుంది. ఆ పేరున్న దేవుడికి దణ్ణం పెట్టాల్సొచ్చినా 'ఓ స్వామీ' అని సరిపెట్టుకుంటుంది.

గౌతమి పాకడం నేర్చింది. పళ్ళొచ్చే వయసు. పాక్కుంటూ వెళ్ళి, గడప మీద రెండు చేతులూ ఆనించి, అంచుని చీకేది, కొరికేది. "నా మనవరాలు గడప దాటదే, గడపనే తినీస్తాది!" అని అచ్చియ్యమ్మ కిలకిల నవ్వేది. ఆయన ఫోన్లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. దుర్గ కూడా నవ్వింది.

కొన్నాళ్ళకి పిల్ల పాలిపోయింది. ఊరికే కడుపు పట్టుకుని ఏడ్చేది. అమ్మ, తాత, పాలు అనే పిల్ల ఒక్కో మాటే మానేసింది. "తల్లి ఫోను సూసుకుంటే పిల్లకి మాటలెలాగొస్తాయి?" అంది అత్తగారు. "ఇంట్లోనే ఉంటావు కదా, ఒక్క గుంటని సూసుకోలేవేటి?" అన్నాడు ఆయన. ఇంట్లోనే ఉండటం. దుర్గ అంట్లు తోముతూ ఆ మాటని నోట్లో వేసుకుని నమిలింది. ఇంట్లో ఉన్న మనిషి స్టవ్ దగ్గర ఉంటుంది, నూతి దగ్గర ఉంటుంది, మేడ మీద బట్టల దగ్గర ఉంటుంది, మావగారి మందుల దగ్గర ఉంటుంది. అన్నిచోట్లా ఉండే మనిషి పిల్ల దగ్గర లేకపోతే తప్పు. ఏ ఒక్కచోటా లేని మనిషికి తప్పే లేదు. అది ఎవరు పెట్టిన లెక్కో ఆమెకి అర్థం కాలేదు గానీ, తప్పు తనదేనేమో అని భయం మాత్రం వేసింది.

అనకాపల్లిలో పిల్లల డాక్టరమ్మ, "నోట్లో ఏం పెట్టుకుంటుంది?" అని అడిగింది. దుర్గ వీడియో చూపించింది. ఆ వీడియో చూసి నవ్వని మొదటి మనిషి ఆవిడే. రక్తం విశాఖపట్నం పంపింది. ఫలితం వచ్చాక దుర్గని కూర్చోబెట్టి చెప్పింది.

"సీసం అమ్మా. కొన్ని పసుపు, ఎరుపు రంగుల్లో కలుపుతారు. పిల్లల మెదడుకి విషం. ఇళ్ళకేసే రంగుల్లో అది ఇంతకి మించి ఉండకూడదని చట్టమొచ్చి చాలా ఏళ్ళయింది. డబ్బా మీద ఆ మాట రాసుండాలి. గీకకండి, పొడి రేగితే ఇంకా ప్రమాదం. ముందు పిల్లని అక్కణ్ణించి తీసేయండి."

"మాటలొస్తాయాండీ?"

"ఇక లోపలికి వెళ్ళకపోతే సీసం నెమ్మదిగా తగ్గుతుంది. మాటల గురించి మాత్రం నేను మాటివ్వలేను."

ఇంటికొచ్చి చెప్తే ఆయన అన్నం సగంలో వదిలేశాడు. చెయ్యి కడుక్కొచ్చి, "మన గడపలు పీకించీసి సిమెంటు ఏయించీస్తాను. నువ్వు ఈదిలో ఏటీ సెప్పకు. ఉన్న సరుకు అమ్ముడైపోతే మరి తేను" అన్నాడు.

"ఎదురింట్లో బాలుగాడు పాకుతున్నాడండీ."

"నీ పిల్లని నువ్వు సూసుకో. ఊరి పిల్లలు నీకెందుకు?"

దుర్గ గౌతమిని మాడుగులలో అమ్మ దగ్గర దింపి వచ్చింది. వచ్చి, తిన్నగా ఎదురింటికి వెళ్ళింది. సంధ్యారాణి విని, బాలుని చంకనెత్తుకుని, గడప మీద చాప పరిచింది. తర్వాత అడిగింది. "మీ ఆయన అమ్ముతుంటే ఎన్ని గడపలకి సాపలేస్తామే?"

దుర్గ అటునుంచటే కొట్టుకెళ్ళింది.

"సంధ్యారాణికి ఇంకో డబ్బా కావాలంట" అంది.

ఆయన మొహం వెలిగింది. "సూసేవా? ఎవరికీ ఏటీ అవలేదు. నువ్వే అనవసరంగా అదిరిపోతన్నావు." తనే రంగు పోసి, మూత బిగించి, ఒలకకుండా సంచిలో నిలబెట్టి మరీ ఇచ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఆమెకోసం అంత జాగ్రత్తగా చేసిన పని ఇంకోటి లేదు.

సోమవారం, ఆ సంచితోనే కలెక్టరాఫీసుకి వెళ్ళింది. అర్జీలు తీసుకునే రోజు. వంతు వచ్చాక డబ్బా బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఇచ్చిన రిపోర్టు పక్కన పెట్టింది. అధికారి డబ్బాని అటూ ఇటూ తిప్పాడు.

"దీని మీద ఏమీ రాసి లేదేమిటమ్మా?"

"అది చెప్పడానికే వచ్చానండి."

"షాపు ఎక్కడ?"

"చోడవరం."

"ఓనరు పేరు?"

ఆధార్ కార్డు సంచిలోనే ఉంది. చెయ్యి అలవాటుగా అటు వెళ్ళింది, ఆగింది. పక్కకి తిరిగి చూద్దామంటే అత్తగారు లేదు.

"ఉమామహేష్" అంది.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

"తెలిసినవాళ్ళా?"

"మా ఆయనండి."

అధికారి పెన్ను ఆగిపోయింది. తల ఎత్తి చూశాడు. సరిగా వినబడలేదేమో అనుకుని, తప్పు లేకుండా రాసుకునేలా, దుర్గ ఆ పేరు ఇంకోసారి నిదానంగా చెప్పింది.