సుగ్గి లారీ రాకముందే

ఆదోని నుంచి జీపులో వచ్చిన ఆఫీసరమ్మ మా ఊరి బడి వరండాలో కూర్చుని, సుగ్గికి ఎవరెవరు పోతారో చెప్పమంది. సుగ్గి అంటే మాకు గుంటూరు వైపు మిరపకోతలకు పోవడం. దీపావళి దాటితే లారీ వస్తుంది. మళ్లీ ఉగాదికే ఇంటి తాళం తీసేది.

"మా ఇంట్లో ఎవురూ పోరమ్మా," అన్నాడు కాశప్ప.

"మా ఇంట్లోనూ పోరు," అంది భీమక్క.

ఇద్దరూ పోయినేడు లారీలో నా పక్కన కూర్చున్నవాళ్లే. ఊళ్లో ఉండరని తెలిస్తే బియ్యం కార్డు తీసేస్తారని అందరికీ భయం. నాకూ అదే భయం.

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "దేశమంతటికీ కొత్త ప్రణాళిక వేస్తున్నారు. వలసపోయేవాళ్ల పిల్లలకు ఊళ్లోనే హాస్టలు పెట్టాలని అందులో ఉంది. ఎవరూ పోరని మీరే చెబితే డబ్బు ఇంకో ఊరికి పోతుంది. పోయినేడు ఈ ఊరికి రావాల్సిన హాస్టలు డబ్బూ అలాగే పోయింది."

మనవరాలు, నా కొడుకు కూతురు నందిని ఏడో తరగతి. హాస్టలు లేకపోతే బడి మాని మాతో మిరపచేల పక్కన గుడారానికే రావాలి. ఆ గుడారంలోనే నా కూతురు మహాదేవి జ్వరంతో పోయింది. తిరిగొచ్చేటప్పుడు లారీలో ఆమె చోట మిరపకాయల మూట పెట్టారు.

లేచి నిలబడ్డాను.

"మా ఇంట్లో అందురూ పోతాం తల్లీ. కొడుకు, కోడలు, వంటకు నేను. పిల్ల మాత్రం ఈడ్నే ఉండాల."

"గమ్మునుండు రుద్రమ్మత్తా!" కాశప్ప పళ్లు కొరికాడు. "కార్డు పోతే మిరపకాయలే నమిలి బతుకుతావా?"

"నములుతాలేప్పా. నీకూ రెండు పెడతా."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"కార్డు ఎవరూ తీయరు. ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చు," అంది ఆఫీసరమ్మ.

"ఇంగోటి సెప్తా రాసుకో. ఎమ్మిగనూరు పక్క మా సెల్లెలి ఊర్లో హాస్టలు దుడ్లు శివరాత్రికి వచ్చినాయి. అప్పటికి పిల్లోల్లంతా మిరపసేన్లలో ఉండ్రి. దసరాకే హాస్టల్లో పొయ్యి ముట్టీయాల," అన్నాను.

"అలాగే రాస్తాను. వస్తుందని మాట మాత్రం ఇవ్వలేనమ్మా."

భీమక్క తల వంచుకుని, "మా ఇంట్లో ఇద్దురు పిల్లోల్లు," అంది.

ఇంటికి వచ్చేసరికి సంగతి నందినికి తెలిసిపోయింది.

"హాస్టలు పెడితే నన్ను ఇడిసిపెట్టి పోతావా అవ్వా?"

"పోతా."

"పెట్టకుంటే?"

దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.