సత్తెమ్మ పెట్టిన పేరు

సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డ సత్తెమ్మకు వెనకనుంచి తన కూతురి పేరు వినపడింది.

"సూనృతా! ఆగు... సూనృతా!"

సత్తెమ్మ గిరుక్కున తిరిగింది. కూతురు ఈ వేళప్పుడు మిర్యాలగూడ దవాఖానలో డ్యూటీలో ఉండాలి. ఇక్కడికెట్లా వచ్చింది? తీరా చూస్తే పల్లీల బండి వైపు ఉరుకుతున్న నాలుగేళ్ల పిల్ల, దాని వెనక తల్లి. తల్లి పిల్ల రెక్క పట్టుకుని తెచ్చి సత్తెమ్మ పక్కనున్న బెంచీ మీద కూలేసింది.

ఇరవై ఏడేళ్లలో తన కూతురిని తప్ప ఇంకెవరినీ ఆ పేరుతో పిలవగా సత్తెమ్మ వినలేదు. మోతె మండలమంతా గాలించినా ఆ పేరుగల మనిషి లేదు. కట్టుకున్న మైసయ్యకే నోరు తిరగక "సూనా" అని సరిపెట్టుకుంటాడు. చుట్టాలకైతే సునీత, లేకపోతే సుందరి. అలాంటిది ఎవరో తెలియని మనిషి, అక్షరం పొల్లుపోకుండా, పల్లీల బండి దగ్గర అరిచింది.

"పిల్ల పేరేంది బిడ్డా?" అని అడిగింది, విన్నది నిజమో కాదోనని.

"సూనృత, పెద్దమ్మా. మాది కోదాడ. అయినా ఇక ఈ పేరుండదులే," అంది ఆ తల్లి. ముఖం వాడిపోయి ఉంది.

"ఎందుకుండది?"

ఆమె చెప్పుకొచ్చింది. తన పేరు కృపారాణి. మొగుడు సాంసన్ ఆటో నడుపుతాడు. జూన్‌లో పిల్లను బడిలో వెయ్యాలి. ఆధార్ కార్డులో పేరు సునీత అని పడింది. దిద్దించుకుందామని సూర్యాపేట దాకా వస్తే, ఆధార్ సెంటరు కంప్యూటర్‌లో 'నృ' అక్షరం రావడం లేదన్నారు. సాంసన్‌కు ఫోన్ చేస్తే, "సునీత బాగానే ఉంది కదా, వచ్చెయ్" అన్నాడు.

"ఇంతకూ ఎవలు పెట్టిండ్రు గీ పేరు?"

"నేనే పెట్టాను. మా పుట్టిల్లు మిర్యాలగూడ. కాన్పు అక్కడే, సర్కారు దవాఖానలో. ఎనిమిదో నెలకే పుట్టింది ఇది. మా వాళ్లంతా ఏం కాదు, ఏం కాదు అంటారు, అటు తిరిగి ఏడుస్తారు. నాకు పిచ్చెక్కిపోయింది. అప్పుడో నర్సమ్మ వచ్చి నా మంచం మీద కూర్చుంది. 'అక్కా, పాప బరువు తక్కువుంది. ఊపిరికి కష్టపడుతున్నది. రెండ్రోజులు గట్టెక్కాలె. గంటకోపాలి వచ్చి ఎట్లున్నదో ఉన్నదున్నట్టు చెప్త' అంది. వచ్చింది పెద్దమ్మా. గంటగంటకూ వచ్చింది. ఆ రెండ్రోజులూ ఆమె మాట పట్టుకునే బతికాను. ఆమె పేరే పెట్టుకున్నా."

అప్పుడే మిర్యాలగూడ బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. సత్తెమ్మ కదల్లేదు.

"ఆ నర్సమ్మ నా బిడ్డ," అంది.

కృపారాణి కళ్లప్పగించి చూసింది. సత్తెమ్మ కూతురికని తెచ్చిన రొట్టెల సంచి భుజానికెత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుంది. "లే బిడ్డా. ఏడున్నదా సెంటరు? సూపియ్యి."

ఆ పేరు సత్తెమ్మకు ఊరికే రాలేదు. కూతురు కడుపులో ఏడో నెల ఉన్నప్పటి మాట. లింగస్వామి పొలంలో నాటుకు పోతుండేది. ఒకనాడు లింగస్వామి మడికి నీళ్లు రాలేదు. చూస్తే గట్టు తెగి ఉంది. పక్క చేను కిష్ట్యాదే కాబట్టి వాడే తెగ్గొట్టాడని అందరూ నిశ్చయించేశారు. బడి ముందర పంచాయితీ పెట్టారు. కిష్ట్యా చేతులు జోడించి మొత్తుకుంటున్నాడు. గట్టు తెగ్గొట్టిన మనిషిని చూసింది సత్తెమ్మ ఒక్కతే. ఆ మనిషి లింగస్వామి సొంత తమ్ముడు. చెప్తే రేపటి నుంచి కూలి ఉండదని తోటివాళ్లు కొంగు పట్టి గుంజినా ఆమె లేచి నిలబడింది.

"అన్నా, కిష్ట్యా గట్టు ముట్టలే. నీ తమ్ముడే పార వట్టి తెంపిండు. ఆయన మడి నెర్రెలు వారింది, సూడలేక నీళ్లు మలుపుకున్నడు. అది దొంగతనం గాదు. అన్నకు ఒక్క మాట జెప్పకపోవుడే తప్పు. నువ్వు అడిగితే ఇయ్యనివాడివా?"

పంచాయితీ చల్లారిపోయింది. తమ్ముడు తలొంచుకుని ఒప్పుకున్నాడు. లింగస్వామి కిష్ట్యా భుజం మీద చెయ్యేశాడు. మర్నాడు కూలికి రమ్మని సత్తెమ్మకు కబురు కూడా పంపాడు.

ఇదంతా బడి వసారాలో నుంచి చూస్తున్న ఆండాళు టీచరు సత్తెమ్మను పిలిచింది. "నిజం చెప్పేవాళ్లు ఉంటారు సత్తెమ్మా, తియ్యగా మాట్లాడేవాళ్లూ ఉంటారు. రెండూ ఒక్క నోట్లోంచి రావడం అరుదు. అట్లాంటి మాటకు సంస్కృతంలో ఒక పేరుంది. సూనృతం. వెనకటి రుషులు తెల్లవారుజాము దేవతను కూడా సూనృతా అని పిలిచారు," అంది.

సత్తెమ్మను అంతకుముందు ఎవరూ ఏ మంచి పేరుతోనూ మెచ్చుకోలేదు. మరిచిపోతానేమోనన్న భయంతో ఇల్లు చేరేదాకా ఆ మాటే గొణుక్కుంటూ నడిచింది. ఆడపిల్ల పుట్టింది. అత్త తన తల్లి పేరు తిరుపతమ్మ అని పెట్టమంది, పెట్టకపోతే నెల రోజులు మాట్లాడలేదు. సత్తెమ్మ మాత్రం దిగి రాలేదు.

సెంటరులో కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి పేరు అశ్విని. కృపారాణిని చూసి నొచ్చుకుంది. "అక్కా, పొద్దుగాలనే చెప్పిన గదా. ఇంగ్లీషుల కొడితే తెలుగు అదే పడ్తది. ఎన్ని తీర్ల కొట్టినా 'సున్రుత' అనే వస్తున్నది. నేనేం చేసేది?"

"గది కాదు బిడ్డా," అంది సత్తెమ్మ. "కాయితం ఇయ్యి."

"నీకు రాయొస్తదా అవ్వా?"

"ఒక్కటొస్తది."

ఆమె పెన్ను పిడికిలితో పట్టుకుంది, కలుపు కత్తి పట్టుకున్నట్టు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో గీత తాపీగా దింపింది. సూ. నృ. త. కాగితంలో సగం పట్టింది ఆ మాట. కూతురిని బడిలో వేసిన రోజు ఎవరో సునీత అని రాస్తే, ఆ రాతేంటో తెలియక నెలరోజులు ఊరుకుంది సత్తెమ్మ. తెలిశాక ఆండాళు టీచరు దగ్గరికి పోయి, "నాకు ఈ ఒక్క మాట రాసుడు నేర్పు టీచరమ్మా, తప్పు రాస్తే నేను పట్టాలె," అంది. మూడు సాయంత్రాలు పలక మీద దిద్దింది. తన పేరు రాయడం ఇప్పటికీ రాదు. బ్యాంకులో వేలిముద్రే.

అశ్విని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "న కింద ఇదేంది? కొక్కెం తీరుగ ఉన్నది?"

"గదే అసలుది. గది లేకుంటే పేరు లేదు," అంది సత్తెమ్మ. "నువ్వు ఇంగ్లీషుల నుంచి వచ్చేది ఇడిసిపెట్టు. తెలుగుల సక్కగ కొట్టేది ఉంటదా, ఉండదా?"

అశ్విని ఏదో తెరిచింది. తెర మీద తెలుగు అక్షరాలు వరసగా వచ్చాయి. ఒక్కోటి వెతికి నొక్కింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తెర కృపారాణి వైపు తిప్పింది. నల్లటి అక్షరాల్లో పేరు పూర్తిగా, వంకర లేకుండా నిలబడి ఉంది. పుట్టిన సర్టిఫికెట్‌తో సరిచూసి, అర్జీ పంపేసింది.

"అవ్వా, అర్థమేంది దీనికి?"

సత్తెమ్మ చెప్పింది. నిజమైన మాట, కానీ ఎదుటి మనిషిని నొప్పియ్యని మాట.

"మా చర్చి అయ్యగారు కూడా అడిగారు, ఇదేం పేరు అని," అంది కృపారాణి. "అప్పుడు నర్సమ్మను తలుచుకుని ఏదో చెప్పాను. ఇప్పుడు చక్కగా చెప్తా."

బయటికి వచ్చాక ఆమె సాంసన్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. "అయిపోయింది. సూనృతే. నర్సమ్మ వాళ్లమ్మ వచ్చి చేయించింది." "ఆమెను అక్కడే ఉండమను, ఆటో వేసుకుని వస్తా, మిర్యాలగూడ నేను దింపుతా," అన్నాడు సాంసన్. కోదాడ నుంచి ఆటోలో ఎప్పుడు వస్తావు నాయనా అని నవ్వి, సత్తెమ్మ తర్వాతి బస్సెక్కింది.

మిర్యాలగూడ చేరేసరికి మూడు దాటింది. డ్యూటీ ఇంకా అయిపోలేదు. కాన్పుల వార్డు బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. కూతురు పనిచేసేచోటికి రావడం ఇదే మొదలు. ఎప్పుడూ కూతురుండే అద్దె గదికి వచ్చి, అటునుంచే పోయేది.

తలుపు సందులోంచి తెల్ల బట్టల్లో సూనృత కనిపించింది. ఒక మంచం పక్కన నిలబడి లేదు, కూర్చుని ఉంది. మంచం మీద బాలింత, పక్కన ఆమె తల్లి.

"ప్రమీలా, నా దిక్కు సూడు," అంటున్నది సూనృత. "బాబుకు పసరికలు, అదే కామెర్లు, ఎక్కువున్నయ్. అద్దాల పెట్టెల నాలుగు రోజులు ఉంచాలె. ఇయ్యాల నీ పక్కల పండుకోడు. అది నీకు కష్టమే, నాకు తెలుసు. నువ్వు చేసిన తప్పేం లేదు. పాలు పిండి ఇస్తే నేనే తీసుకపోయి తాగిపిస్త. భయమైతే నన్ను పిలువు, ఏమున్నా దాసిపెట్టను."

ప్రమీల ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "ఎప్పుడు పిండాలె సిస్టరూ?" అని అడిగింది.

వరండాలో సత్తెమ్మ వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది. తన పొట్టలో ఉన్నప్పుడు విన్న మాటలేమో అవి, అనుకుంది. ఎవరూ చూడకుండా కొంగుతో కళ్లొత్తుకుంది.

బాలింత తల్లి సరోజ బయటికొచ్చి పక్కన కూర్చుంది. వాళ్లది హాలియా. "గా నర్సమ్మ పేరేందో ఎరికేనా అక్కా? నాకు నోరు తిరగలే."

"సూనృత," అంది సత్తెమ్మ. "మెల్లగ అను. సూ... నృ... త. నా బిడ్డ."

సరోజ మూడుసార్లు అని చూసింది. మూడోసారికి వచ్చింది.

డ్యూటీ దిగాక తల్లీకూతుళ్లు గదిలో సజ్జరొట్టెలు, చింతతొక్కు ముందర పెట్టుకుని కూర్చున్నారు. సత్తెమ్మ బస్టాండు సంగతి చెప్పింది. సూనృత రొట్టె నమలడం ఆపి తల దించుకుంది.

"కోదాడ పిల్లనా? కృపక్క బిడ్డ. ఒక్కతె గాదమ్మా. నాకు తెలిసినోళ్లే పదకొండు మంది ఉన్నరు."

"పదకొండా! నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మోతెల దండోరా ఏపిస్తవ్," అని నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించింది. "అడిగినోళ్లందరికీ వద్దనే చెప్పినమ్మా. అందరికీ నోరు తిరిగే అల్కటి పేరు పెట్టుకోండ్రి, పిల్ల పరేషాన్ అయితది అన్న. పదో తరగతిల ఈ పేరుతోని నేను పడ్డ గోస యాదికున్నది గదా?"

సత్తెమ్మకు యాదికే ఉంది. పరీక్ష ఫారం ముందర వేసుకుని, సునీతగా మార్పించమని పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. "మారుస్త. ఎందుకు మార్చుకుంటున్నవో నిజం జెప్పు. నేను నొచ్చుకోకుంట జెప్పు," అంది సత్తెమ్మ. పిల్ల నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఆఖరికి, అమ్మ అడుగుతున్నది తన పేరుకున్న అర్థమేనని తోచి, ఏడుపులోనే నవ్వొచ్చి ఫారం మీద ఉన్న పేరే రాసుకుంది.

"వద్దన్నా పెట్టుకున్నరు మరి?" అంది సత్తెమ్మ.

"పెట్టుకున్నరు. నేను ఆపలేకపోయిన."

"ఇగ ఆపకు. వద్దని చెప్పకు."

"చెప్పన్లే."

"ఏ ఊరోళ్లు వాళ్లు? చెప్పు."

సూనృత వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. కోదాడలో ముగ్గురు. మిర్యాలగూడలోనే నలుగురు, అందులో ఒకతె కవలల్లో పిల్ల, ఇద్దరిలో ఒకరికే ఆ పేరు పెట్టారట. సూర్యాపేటలో ఇద్దరు. హాలియాలో ఒకతె. నిడమనూరులో ఒకతె, దానికి పోయిన వారమే ఏడాది నిండింది.

సత్తెమ్మ రొట్టె చేతిలో పట్టుకుని, తినడం మరిచిపోయి వింటున్నది.

"మల్లొక్కపారి చెప్పు," అంది. "మెల్లగ చెప్పు. ఊరు ఊరు చెప్పు."

కూతురు మళ్లీ మొదటినుంచి చెప్పింది.