ఆదివారం పూలంగి

చర్చి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్కరూ లోపలికి వెళ్లడం లేదు.

దేవకృప ఆటో దిగేసరికి మెట్ల మీద సంఘంలో సగం మంది నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరైనా పోయారేమో అనుకుంది. జనాన్ని తప్పించుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆమె కాళ్లు కూడా ఆగిపోయాయి.

కార్ఖానా బస్తీలోని ఆ చిన్న చర్చికి ఆమె పెళ్లయిన దగ్గర్నుంచీ వస్తోంది. ఆదివారం పూలంటే ప్రభువు బల్లకు అటో ఇత్తడి పూలవాజు, ఇటో ఇత్తడి వాజు. అంతే. సంఘంలో ఏదో ఒక కుటుంబం ఆ వారానికి పూలిస్తుంది.

ఇవాళ బల్ల కనిపించడం లేదు. అది ఉండాల్సిన చోట తెల్లటి పూలకొండ ఉంది. పైకప్పు దూలాల నుంచి నేల దాకా మల్లెదండలు తెరల్లా దిగాయి. స్తంభాలకు పసుపు చామంతి. వెనక గోడ మీది చెక్క సిలువకు అంగుళం ఖాళీ లేకుండా లిల్లీలు. ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ తెరలు మెల్లగా ఊగుతున్నాయి, కిటికీల్లోంచి పడుతున్న ఎండ వాటితో పాటు ఊగుతోంది. మరువం వాసన మెట్ల దాకా వచ్చి మనిషిని లోపలికి లాగుతోంది. ప్రతివారం అల్లరి చేసే పిల్లలు కూడా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏందక్కా, గట్లనే నిలబడ్డవ్?" అంది పక్కనుంచి పుష్పమ్మ. ఆదివారం వాజులు సర్దేది ఆమే. "నేను సుత పొద్దున గిట్లనే నిలబడ్డ. కాళ్లు కదుల్తలేవు."

"ఎవరు చేశారు?"

"రాంగోపాల్‌పేట్ల పైపుల షాపు ఉన్నదంట, సత్యదేవ్ అని. మనోడు గాదు, హిందువులంట. ఈ వారం పూలు నేనిస్తా అని అడిగితే పాస్టర్ అయ్యగారు సరే అన్నడు. రెండు వాజులే గదా అనుకున్నడు పాపం. నిన్న లారీ వచ్చిందంట అక్కా, లారీ!"

దేవకృపకు ఆ సత్యదేవ్ తెలుసు.

బేగంపేటలోని ఫిజియోథెరపీ క్లినిక్‌లో వాళ్లిద్దరికీ పరిచయం. ఆమెకు ఎడమ భుజం పట్టేసింది, ఆయనకు కుడి భుజం. గోడ మీద వేళ్లను పైకి పాకించాలి, అదీ వ్యాయామం. పక్కపక్కనే నిలబడి ఎవరి వేళ్లు ముందు పైకెక్కుతాయా అని పందెం వేసుకునేవారు. ఆయన అమలాపురం వైపు మనిషి, భార్య పోయింది. ఆమె రిటైరైన లెక్కల టీచరు, భర్త పోయాడు, పిల్లలు లేరు. పందెం కాఫీ దాకా వెళ్లింది. కాఫీ నుంచి, ఆ వయసులో పేరు పెట్టడానికి ఇద్దరికీ సిగ్గేసే చోటికి వెళ్లింది.

ఓ సాయంత్రం ఆయన అరిటాకు పొట్లం విప్పి మల్లెదండ ఆమె ముందు పెట్టాడు.

"ఇవి మీకేనండి."

"మా ఇంట్లో ఆడవాళ్లు పూలు పెట్టుకోరండి. మా అమ్మమ్మ మిషన్ కాంపౌండులో పెరిగింది. అప్పట్నుంచీ అంతే."

"ఒక్కసారి కూడా పెట్టుకోలేదాండి?"

"లేదు."

ఆయన ముఖం చూసి ఆమెకు జాలేసింది. "మాకు పూలివ్వాలంటే చర్చికిస్తారు" అని నవ్వింది. "బల్ల మీద పెడతారు."

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది, నవ్వకుండా. "మన పెళ్లి సంగతి మా మరిదికి నేనే చెప్పాలి. నేను ఉండేది ఆయన ఇంట్లో, పైవాటాలో. నాకున్న కుటుంబం వాళ్లే. నేను చెప్పేలోపు బయటపడిందో, ఇక మీరు నాకు కనిపించకండి."

"ప్రాణం పోయినా నోరు విప్పనండి" అన్నాడాయన.

విప్పలేదు. పూలిచ్చాడు. ఆయన ఊళ్లో దేవుడికి పూలివ్వడమంటే పూలంగి సేవ. స్వామి ముఖం తప్ప ఒళ్లంతా పూలతో కప్పేయాలి. రెండు వాజులు పెట్టి ఊరుకోవడం ఆయన లెక్కలో దేవుడికి అవమానం. అంతవరకు ఆమెకు అర్థమైంది. తర్వాతిది అప్పుడు తట్టింది. పూలు ఎవరి కోసమని అడిగితే ఆయన ఆమె పేరే చెప్పి ఉంటాడు. గుళ్లో అర్చనకు పేరు చెబితే పూజారికి, దేవుడికి తప్ప ఎవరికీ వినపడదు. ఇక్కడ అలా కాదు. కానుకల కీర్తన అయ్యాక పూలు ఎవరిచ్చారో, ఎవరి కోసమో అయ్యగారు మైకులో చెబుతారు. ఆ కుటుంబం ముందుకొచ్చి నిలబడుతుంది. సంఘమంతా లేచి ప్రార్థన చేస్తుంది.

ఆ సంగతి ఆయనకు తెలియదు. చెప్పాలని ఆమెకు తోచలేదు.

"ఇది చర్చా, గుడా?" లోపల్నుంచి కేక వినబడింది. మరిది జీవరాజు. సంఘపెద్ద. "తీయించండి అయ్యగారూ, ఇప్పుడే!"

"ఇదంతా తీయాలంటే ఆరాధన రేపు పెట్టుకోవాలి జీవరాజు గారూ" అన్నాడు పాస్టర్ సైలస్. చూపు మాత్రం సిలువ మీంచి తిప్పలేదు.

ఆరాధన మొదలైంది. దేవకృప క్వాయర్‌లో తన చోటికి వెళ్లింది. అక్కడినుంచి సంఘమంతా కనిపిస్తుంది. ముందు వరసలో జీవరాజు, చేతులు కట్టుకుని. చిట్టచివరి బెంచీ దగ్గర తెల్లచొక్కాలో సత్యదేవ్. అందరూ కూర్చున్నా ఆయన గుళ్లోలా దండం పెట్టుకుని నిలబడే ఉన్నాడు. పక్కనున్న పెద్దాయన చొక్కా పట్టి లాగితే గబుక్కున కూర్చున్నాడు.

వాక్యం అయింది. ప్రసంగం అయింది. అందులో ఒక్క మాటా ఆమె చెవికెక్కలేదు.

కానుకల కీర్తన మొదలైంది. కానుకలు వేసే సంచీలు వరసల మీదుగా కదులుతున్నాయి. ప్రకటనకు మిగిలింది మూడు చరణాలు. మొదటి చరణం ఆమె పాడింది. రెండో చరణంలో పుస్తకం మూసి, అందరూ చూస్తుండగానే వేదిక మెట్లెక్కి పాస్టర్ పక్కకు వెళ్లింది.

"అయ్యగారూ, పూలు ఎవరి కోసమని చెప్పారు ఆయన?"

"మీ పేరే చెప్పారు టీచర్ గారూ." ఆయన గొంతు తగ్గించాడు. "మీకు తెలుసనుకున్నాను. ఇబ్బందిగా ఉంటే చెప్పండి. ఒక విశ్వాసి ఇచ్చారని చెప్పి వదిలేస్తాను. ఎవరికీ ఏమీ తెలియదు."

అంత తేలిక. ఒక్క తల ఊపు చాలు. మధ్యాహ్నం ఇంటికెళ్లి భోంచేయవచ్చు. మరిది మొహం మామూలుగా ఉంటుంది.

అప్పుడు తలెత్తింది. గుమ్మంలోంచి చూడటం వేరు. ఇక్కడ, మధ్యలో నిలబడి చూడటం వేరు. మల్లెతెర మొహానికి జానెడు దూరంలో ఉంది. ప్రతి దండా చేత్తో కట్టిందే. ప్రతి ముడిలో ఒక మరువం రెమ్మ. ఏ రెండు దండలకూ పొడవులో తేడా లేదు. ఇన్ని వేల పూలూ ఒకే ఒక్క మనిషి కోసం. ఆ మనిషి తను. అరవై దాటిన, ఎడమ చెయ్యి తల దాకా లేవని తను. ఒక ఆడమనిషి కోసం ఇంత చేయవచ్చని ఎవరికైనా తోస్తుందని ఆమె ఊహించలేదు. తోచిన మనిషి చివరి బెంచీలో బిక్కచచ్చి కూర్చుని, తప్పు చేశానా అన్నట్టు ఆమెనే చూస్తున్నాడు.

కీర్తన అయిపోయింది.

"మైకు నాకివ్వండి అయ్యగారూ."

ముప్పై ఏళ్లు క్లాసులో పలికిన గొంతు. అది వణకడం ఆమె మొదటిసారి విన్నది.

"ఈవారం పూలు సత్యదేవ్ గారు ఇచ్చారు. నా కోసం ఇచ్చారు. మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఆ మాట ముందు మా మరిదికి చెప్పాల్సింది. నాకు ధైర్యం చాలక చెప్పలేదు. అది నా తప్పు, ఆయనది కాదు." ఊపిరి తీసుకుంది. "సత్యదేవ్ గారూ, ఇక్కడ పూలిచ్చినవాళ్లు ముందుకు రావాలి. రండి."

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. సత్యదేవ్ లేచాడు. మధ్యదారి వెంట మెల్లగా నడిచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"మైకులో చెబుతారని తెలియదండి" అన్నాడు గొణుగుతూ. "ఒట్టండి."

"తెలుసు. ఊరుకోండి."

పాస్టర్ సైలస్ గొంతు సవరించుకున్నాడు. "కుటుంబ సభ్యులు కూడా ముందుకు రావాలి."

ఎప్పుడూ చెప్పే మాటే. ఈసారి అందరి చూపులూ ముందు వరసకు మళ్లాయి. జీవరాజు కదల్లేదు. దేవకృప ఆయన వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుంది. రమ్మని ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేరు.

బెంచీ కిర్రుమంది. జీవరాజు లేచాడు. వెళ్లిపోతున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జీవరాజు మల్లెతెర ముందు ఓ క్షణం ఆగి, కింది నుంచి పై దాకా దాన్ని చూశాడు. తర్వాత వచ్చి వదిన పక్కన నిలబడ్డాడు. మొహంలో నవ్వు లేదు.

"ఇంటికెళ్లాక మాట్లాడదాం వదినా."

"మాట్లాడదాం."

"ఆయన్ని కూడా రమ్మను. భోజనానికి."

సంఘమంతా లేచి నిలబడింది. పాస్టర్ చేతులు చాపాడు. అందరూ కళ్లు మూసుకుని తలలు వంచారు. దేవకృప మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థనలో కళ్లు తెరిచి ఉంచడం ఆమెకు ఇదే మొదటిసారి. పైకప్పు దాకా తెల్లగా వెలుగుతున్న ఆ పూలను వదిలి రెప్ప వేయడం ఆమె వల్ల కాలేదు. పక్కకు తిరిగితే సత్యదేవ్ కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. ఆయన పూలను చూడటం లేదు.

"ప్రార్థన జరుగుతోంది. కళ్లు మూసుకోండి" అంది రహస్యంగా.

"ఆయ్. మరి మీరండి?"