వెనక సీటులో వేడి

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో గొడవ ఒక తాటాకు విసనకర్ర దగ్గర మొదలైంది.

కారు తుడవడానికి కిందికి దిగిన సుధాకర్ వెనక సీటు సంచిలోంచి దాన్ని లాగి, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని పైకి తెచ్చాడు.

"ఏంటిది రాజ్యం? పద్దెనిమిది లక్షల కారులో విసనకర్రా? మొన్న మా ప్లాంట్ హెడ్ బ్యాగు వెనక పెట్టబోయి, దీన్ని చూసి నవ్వాడు."

రాజ్యలక్ష్మి దోసె తిరగేస్తోంది. "వెనక ఉక్కపోస్తుందండీ. అందుకని పెట్టుకున్నా."

"మళ్లీ మొదలా!"

బల్ల దగ్గర చట్నీ వేసుకుంటున్న అత్తగారు కొడుకును సముదాయించింది. "పోనీలేరా, ఆ వయసుకి అంతే. నాకూ వచ్చింది. నేను విసనకర్రలు పట్టుకుని ఊరేగానా? ఓర్చుకున్నాను."

ఇరవై ఏళ్ల కొడుకు భానుతేజ ఫోన్లోంచి తలెత్తకుండానే, "అమ్మా, మెడలో వేసుకునే ఫ్యాన్లు వచ్చాయి, ఛార్జింగ్‌వి. ఆర్డర్ పెట్టనా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. రాజ్యలక్ష్మి కూడా నవ్వింది. నవ్వకపోతే అది ఇంకో గొడవ. విసనకర్ర చెప్పుల స్టాండు మీదికి వెళ్లిపోయింది. ఈ లోపల దోసె ఒక పక్క నల్లగా మాడింది. దాన్ని తనకోసం పక్కన పెట్టుకుని ఇంకోటి పోసింది.

ఇదంతా ఎప్పుడు మొదలైందో ఆమెకు బాగా గుర్తు. పోయిన ఏడు మార్చి రెండోవారం, కీసరగుట్ట మీద దర్శనం చేసుకుని శామీర్‌పేటలోని తమ కాలనీకి తిరిగి వస్తున్న మధ్యాహ్నం. కారులో ఎవరి చోటు వాళ్లకుంది. నడిపేది సుధాకర్. మోకాళ్ల నొప్పుల వల్ల పక్కన అత్తగారు. భానుతేజ ఎక్కడికైనా తన బైకు మీదే వస్తాడు. వెనక సీటులో రాజ్యలక్ష్మి, ప్రసాదం సంచి, నీళ్ల సీసాలు, అందరి శాలువాలు. ఆ రోజు వీపు సీటుకి అతుక్కుపోతుంటే, "కాస్త ఏసీ పెంచండి" అంది. "ఫుల్‌లోనే ఉంది" అన్నాడు. "వెనక్కి గాలి వస్తోంది గాని చల్లగా లేదండీ" అంది. ఆయన వెనక్కి తిరగలేదు. ఎడమచెయ్యి చాపి ముందున్న గాలి రంధ్రం దగ్గర పెట్టి, "ఇదిగో, మంచులా ఉంది. అమ్మా, నీకెలా ఉంది?" అన్నాడు. "నాకైతే చలేస్తోందిరా" అంది అత్తగారు, శాలువా అడిగి తీసుకుంటూ. అక్కడితో తీర్పు అయిపోయింది.

తర్వాత రెండు వారాలకు కొంపల్లిలో డాక్టరమ్మ దగ్గరికి ఆయనే తీసుకెళ్లాడు. రాజ్యలక్ష్మి నోరు తెరవకముందే, "నలభై ఎనిమిదండీ. ఒళ్లంతా వేడి వేడి అంటుంది. కారులో కూర్చోలేకపోతోంది" అని తానే చెప్పేశాడు. డాక్టరమ్మ రెండు ప్రశ్నలడిగి తెల్లమాత్రలు రాసింది. అప్పటినుంచి రోజూ రాత్రి భోజనం కాగానే ఒక మాత్ర. ఆ మాత్ర గుర్తుచేసే పని అత్తగారిది.

రాజ్యలక్ష్మి భీమవరంలో బీయస్సీ ఫిజిక్స్ చదివింది. ఏదైనా తేలాలంటే ఒక్కటి మార్చి మిగతావి కదపకుండా చూడాలని అక్కడ నేర్చుకుంది. అలాగే చూసింది కూడా. వంటింట్లో రెండు పొయ్యిలు వెలుగుతుంటే తనకు వేడి పుట్టదు. రాత్రి ఫ్యాను కింద దుప్పటి లాక్కుంటుంది. సికింద్రాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మే నెలలో కూడా హాయిగానే ఉంటుంది. వేడి ఒక్క ఆ వెనక సీటులోనే. ఒకసారి బావగారింటికి వెళ్తుంటే చిన్న తోటికోడలు తనతోపాటు వెనక కూర్చుంది. దిగేసరికి ఆమె మెడంతా చెమట. పమిటతో తుడుచుకుంటూ రాజ్యలక్ష్మి వైపు ఒక చూపు చూసింది. అంతలో బావగారు "ప్రయాణం ఎలా జరిగిందమ్మా?" అని అడిగితే, "చాలా బావుందండీ, కారు కదిలినట్టే లేదు" అంది. ఆ చూపు రాజ్యలక్ష్మికి నెలరోజులు సరిపోయింది. తర్వాత అదీ అరిగిపోయింది. ఏడాదిపాటు ఇంట్లో అందరూ ఒకే మాట అంటుంటే, తన చర్మం చెప్పేది తనకే అనుమానమైపోయింది. ఎవరూ చూడనప్పుడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు, తన నుదుటి మీద తానే చెయ్యి పెట్టుకుని చూసుకునేది.

విచిత్రం ఏమిటంటే, సుధాకర్ ఉద్యోగమే చల్లదనం. జీనోమ్ వ్యాలీలో ఒక టీకాల కంపెనీలో శీతల గదుల బాధ్యత ఆయనది. ఇంటికి ఎవరొచ్చినా ఆ కబుర్లే. "గది చల్లగా ఉందంటే సరిపోదండీ. తలుపు దగ్గర ఎంత, పై అరలో ఎంత, వెనక గోడ మూల ఎంత, అన్నీ కొలవాలి. ఒక్కో గదికి పదిహేను థర్మామీటర్లు పెడతాం. పద్నాలుగు బాగున్నాయని పదిహేనోదాన్ని వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది." మిరపకాయ బజ్జీలు వడ్డిస్తూ ఆమె ఈ మాటలు కనీసం ఇరవైసార్లు విని ఉంటుంది.

విసనకర్ర గొడవైన రెండోరోజు, మంగళవారం సాయంత్రం, సుధాకర్ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఇంటికొచ్చాడు. ముందు సీటులో కూడా ఏసీ ఆగిపోయింది.

"కారుకేదో అయింది" అన్నాడు.

కారుకి. రాజ్యలక్ష్మి ఆ మాటను మజ్జిగ కలుపుతూ రెండుసార్లు మనసులో అనుకుంది. అత్తగారు, "పాపం, ఉడికిపోయాడు. చల్లగా ఇవ్వు వాడికి" అంది.

గురువారం సర్వీస్ సెంటర్‌కి ఆమే వెళ్లాల్సి వచ్చింది. "నువ్వు ఖాళీయే కదా. పైగా బండి నీ పేరు మీదుంది, ఓటీపీ నీకే వస్తుంది" అన్నాడు సుధాకర్. బండి ఆమె పేరు మీద ఉండటానికి కారణం ప్రేమ కాదు. అప్పట్లో ఆయన పేరున పాత కారు ఒకటి ఉండేది. రెండో బండి కూడా ఆయన పేరునే అయితే పన్ను ఎక్కువ పడుతుందని ఎవరో చెప్పారు. మూడేళ్లలో ఆ యాజమాన్యం ఆమెకు ఉపయోగపడింది సంతకాలకీ ఓటీపీలకీ. మేడ్చల్ హైవే మీద సర్వీస్ సెంటర్లో ఆమెనూ కారునూ దింపి, వెనకే వచ్చిన స్నేహితుడి కారెక్కుతూ, జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు. "ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టు. ఏమైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యమను."

"సార్ రాలేదా మేడం?" అని గేటు దగ్గర అడిగారు. "సార్ నంబర్ చెప్పుండ్రి" అని కౌంటర్లో అడిగారు. కంప్యూటర్ ముందున్న హర్షిత అనే అమ్మాయి కూడా, "సార్‌కే ఫోన్ చేసి చెప్పాల్నా మేడం?" అనేసరికి, రాజ్యలక్ష్మి "బండి నాది" అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ముందు తనే ఉలిక్కిపడింది.

గంటన్నర తర్వాత మెకానిక్ ఇస్తారి వచ్చి పిలిచాడు. యాభై దాటిన మనిషి, కళ్లద్దాలకు దారం కట్టుకున్నాడు. "అమ్మా, జర ఇటు రాండ్రి. సూపిస్త." వెనక సీటు పక్కనున్న ప్లాస్టిక్ పలక విప్పేసి ఉంది. లోపల జల్లెడలాంటి ఒక చిన్న పెట్టె. దాని అంచున నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది.

"ఎనకకు సల్లగ జేసే కాయిల్ ఇదమ్మా. సన్నగ బొక్క వడ్డది. గ్యాస్ కొంచెం కొంచెం కారింది, దాంతోని ఆయిల్ గూడ పోయింది. ఆఖరికి ముందట కంప్రెసర్ ఎండిపోయి పట్టేసింది. గీ మరక సూడుండ్రి, ఎట్ల గడ్డగట్టిందో. ఇది నిన్నటిది మొన్నటిది గాదు. ఏడాది పైమాటే."

"ఏడాది" అంది రాజ్యలక్ష్మి.

"ఎక్కువనే అయితది. ముందట కూసున్నోళ్లకు ఎర్కగాదు. ఎనక కూసున్నోళ్లకే ముందుగాల తెలుస్తది. ఎవ్వలు కూసుంటరమ్మా ఎనక?"

"నేనే."

"మరి జెప్పలే?"

ఆమె చెయ్యి చాపి ఆ మరకను వేలితో ముట్టుకుంది. వేలికి నల్లగా అంటింది. ఇస్తారి తన గుడ్డ ఇవ్వబోయాడు గానీ ఆమె తీసుకోలేదు. పద్నాలుగు నెలల్లో తన పక్షాన మాట్లాడింది ఆ జిడ్డు ఒక్కటే. దాన్ని వెంటనే తుడిచేసుకోవాలనిపించలేదు.

రిపేరుకి అరవై రెండు వేలవుతుందంది హర్షిత. వారంటీ పోయిన నెలలోనే అయిపోయింది. "అప్పుడే ఒక్కసారి కంప్లైంట్ ఇచ్చి ఉంటే అయిపోతుండె మేడం. ఫ్రీగ చేసేటోళ్లు."

"చెప్పాను" అంది రాజ్యలక్ష్మి నెమ్మదిగా. "పోయిన ఏప్రిల్లో, సర్వీసుకి బండి తీసుకెళ్లడానికి వచ్చినాయనకు గేటు దగ్గర చెప్పాను. రాసుకున్నాడు కూడా."

హర్షిత కంప్యూటర్లో పాత కాగితాలు వెతికింది. వెతుకుతున్న అమ్మాయి చూపు ఒకచోట ఆగింది. పైకి చదవబోయి మానేసి, తెరను రాజ్యలక్ష్మి వైపు తిప్పింది. "మీరే సదువుకోండ్రి మేడం."

మొదటి వరుస: వెనక సీటులో చల్లదనం తక్కువ, మేడం చెప్పారు. దాని కింద: సార్‌తో ఫోన్లో మాట్లాడాం. సమస్య బండిది కాదు, మేడం ఆరోగ్యానిది, చెక్ చేయనవసరం లేదన్నారు.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఇంట్లో అన్నమాటలు ఇంట్లోనే ఉన్నాయనుకుంది ఇన్నాళ్లూ. ఏడాదిగా ఆ వాక్యం ఈ హైవే పక్కన, తెలియని మనుషుల కంప్యూటర్లో, నంబరు వేసుకుని కూర్చుని ఉంది. తను దసరా సర్వీసుకి వచ్చి ఇదే సోఫాలో టీ తాగినప్పుడు కూడా అది అక్కడే ఉంది.

హర్షిత లోపలికి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడి వచ్చింది. కంప్లైంట్ వారంటీ లోపలే నమోదైంది కాబట్టి కంపెనీ ఒప్పుకోవచ్చు. కానీ వద్దన్నమాట కూడా నమోదై ఉంది. అందుకని కంప్లైంట్ నిజమేననీ, చెక్ వద్దనడం పొరపాటేననీ బండివాళ్లు ఒక కాగితం రాసివ్వాలి. "సార్ ఒక్క లైన్ రాస్తే సాలు మేడం. పరేషాన్ ఏం లేదు."

రాజ్యలక్ష్మి ఫోన్ చేసి విషయం చెప్పింది.

"నేను రాయడమేంటి?" అన్నాడు సుధాకర్. "బండి నీ పేరు మీదేగా, నువ్వే రాసెయ్. అప్పట్లో నాకు సరిగ్గా తెలియక కంప్లైంట్ వెనక్కి తీసుకున్నాను, పొరపాటైంది అని. అరవై రెండు వేలు రాజ్యం, ఆలోచించు. నాకు మీటింగుంది."

హర్షిత తెల్లకాగితం ముందు పెట్టింది. రాజ్యలక్ష్మి పెన్ను మూత తీసింది. తారీఖు వేసింది. "నేను" అని రాసింది. ఆ తర్వాత రాయాల్సిందల్లా తను తప్పు చెప్పాననే. ఎన్నోసార్లు ఒప్పుకున్న మాటే అది. దోసెలు పోస్తూ ఒప్పుకుంది, డాక్టరమ్మ ముందు తలూపి ఒప్పుకుంది. కానీ ఆ "నేను" పక్కన, వేలికున్న నల్లటి మరక కనిపిస్తోంది. పెన్ను మూత పెట్టేసింది.

"ఆ పాత కాగితం నాకొక ప్రింటు తీసివ్వమ్మా" అంది.

ఇంటికి బస్సులో వచ్చింది. వడగాలి ముఖానికి కొడుతోంది. చుట్టూ అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు, తనూ తుడుచుకుంది. అందరికీ వేడిగా ఉన్నచోట తనకూ వేడిగా ఉండటం ఎంత తేలిగ్గా ఉందో! పక్క సీటులో ఎవరూ లేరు. ఇది చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని వెతికితే తోటికోడలి ఆ ఒక్క చూపే గుర్తొచ్చింది. ఫోన్ తీసి, చేయకుండానే సంచిలో పెట్టేసింది.

రాత్రి వంకాయకూర, పప్పుచారు. అందరికీ వడ్డించి, నాలుగో కుర్చీ మీదున్న ఇస్త్రీ బట్టలు తీసి మంచం మీద పడేసి, తానూ కంచం పెట్టుకుని కూర్చుంది. అత్తగారు ఆ కుర్చీ వైపు ఒకసారి చూసింది.

"రాసిచ్చేశావా?" అన్నాడు సుధాకర్.

"లేదండీ."

"అదేంటి? ముందే గట్టిగా చెప్పి ఉంటే అసలు ఇదంతా ఉండేదా?"

ఆమె ప్రింటు తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. అందుకున్నది భానుతేజ. ఏదో బిల్లనుకుని పైకే చదివాడు. "సమస్య బండిది కాదు, మేడం ఆరోగ్యానిది, చెక్ చేయనవసరం లేదన్నారు..." చివరికొచ్చేసరికి వాడి గొంతు తగ్గింది. "నాన్నా, ఇది నువ్వన్నావా?"

సుధాకర్ మెడ తుడుచుకున్నాడు. "ఫ్యాన్ పెంచరా" అన్నాడు.

"ఫుల్‌లోనే ఉంది నాన్నా."

"ఒక్క సంతకమేగా తల్లీ" అంది అత్తగారు. "అరవై రెండు వేలంటే మాటలా? మగవాడు, బయట పేరున్నవాడు, తప్పయిందని రాసిస్తే ఏం బావుంటుంది?"

రాజ్యలక్ష్మి అన్నంలో చారు పోసుకుంది. ఆమె గొంతు పెరగలేదు. "మీ శీతల గదిలో పద్నాలుగు థర్మామీటర్లు బాగుండి ఒక్కటి తేడా చూపిస్తే ఏం చేస్తారండీ?"

ఆయన నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"దాన్ని డాక్టర్ దగ్గరికైతే తీసుకెళ్లరు కదా."

సంచిలోంచి తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టింది. దాని మీద తారీఖు, "నేను" అన్న మాట ఉన్నాయి. మిగతాదంతా ఖాళీ.

"నేను తప్పు చెప్పానని నేను రాయను. మీరు రాస్తే బండి ఊరికే బాగవుతుంది. రాయకపోతే డబ్బు కట్టండి. ఏదైనా మీ ఇష్టం. ఆ వాక్యం మీ చేత్తో రాసేదాకా నేను ఆ కారెక్కను. ఆదివారం కీసరలో బావగారి ప్లాటు శంకుస్థాపనకి మీరందరూ మీకు తోచినట్టు రండి. నేను బస్సులో వస్తాను. మాత్రలు ఇవాళ్టితో ఆపేశాను. డాక్టరమ్మ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లి, ఏం చెప్పాలో నేనే చెప్పుకుంటాను."

తర్వాత పెన్ను తీసి కాగితం మీద పెట్టింది.

"ఇది మీదే. పొద్దున నాకిచ్చి వెళ్లారు."