ఆ సూది నాది

నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే రాయదుర్గంలో ఆ వీధి ఆడవాళ్ళు ఎవరికి ఎవరూ కారు. తోపులాటలో ఎలాగో దక్కించుకున్న నీళ్ళతో, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె, జారిపోతున్న కొంగు పళ్ళ మధ్య ఇరికించుకుని గంగాదేవి ఇంటి మెట్టెక్కుతుంటే, అరుగు మీద పళ్ళు తోముకుంటున్న మొగుడు శివప్పకు అప్పుడే గుర్తొచ్చింది అడగాల్సిన మాట.

"ఏమే, ఈ నెలాఖరుకు ఆసుపత్రి మానేస్తాండావు గదా?"

నోట్లో కొంగున్న మనిషి ఇంకేమంటుంది? "ఊ" అంది.

బిందెలు దించి చెంగు సర్దుకునేలోపే ఆయన నోరు పుక్కిలించి తల్లితో చెప్పేశాడు. "ఒప్పుకున్యాదిమ్మా. సాయంత్రానికి ఈరన్నతో మిషన్లు తెప్పిస్తా."

"ఒప్పుకోక యాడికి పోతాది?" అంది తిప్పమ్మ, కోడలు వంటింట్లోనే ఉందన్న లెక్కే లేకుండా.

నర్సింగ్ హోముకు నడుస్తున్నంతసేపూ గంగాదేవికి ఆ "ఊ" గొంతులో చేపముల్లులా అడ్డుపడుతూనే ఉంది. శెనక్కాయ పంట మళ్ళీ ఎండిపోయాక శివప్ప జీన్సు ప్యాంట్లు కుట్టించే ఈరన్న వెంటబడ్డాడు. ముందుగదిలో రెండు మిషన్లు వేసుకుంటే ఇంటికే గుడ్డ పంపిస్తానన్నాడు ఈరన్న. కుట్టేదెవరంటే, "ఇంట్లో మనిషే ఉండాది గదన్నా, కూలి గూడా ఇయ్యాల్సిన పన్లేదు" అని శివప్ప నవ్వాడట. నవ్వాడట ఏమిటి, గంగాదేవి కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి విన్నది. అనంతపురంలో హాస్టల్ గంజి తాగి, నైట్ డ్యూటీల్లో గోడకానుకుని నిద్రపోయి నేర్చుకున్న నర్సు పని ఆమెది. సూది చేతిలోకి తీసుకుంటే ఆమె చెయ్యి వణకదు. తెల్లకోటు తొడుక్కుని వార్డులో అడుగుపెడితే, ఇంట్లో ఉన్నంతసేపూ వంగివంగి ఉండే నడుము దానంతటదే నిటారవుతుంది. ఆ కోటు విప్పేయడానికి తను ఊ అన్నదా? అన్నది. ఎవరు విన్నా అన్నదనే అంటారు. ఆమాటకొస్తే పెళ్ళిచూపుల్లో నాయన "పిల్లోడు నచ్చినాడు గదమ్మా" అన్నప్పుడూ ఊ అన్నది. పాప పుట్టిన ఏడాదికే అత్త "ఇంగొగర్ని కంటావు గదా" అన్నప్పుడూ ఊ అన్నది. ఒక్కసారైనా వాళ్ళు జవాబు కోసం ఆగారా అని తలుచుకుంటే ఒళ్ళు మండింది. మంట వాళ్ళ మీదో తన మీదో తేల్చుకోలేకపోయింది.

మధ్యాహ్నం అన్నాలవేళకు ముందు ఆడవాళ్ళ వార్డులో షుగరు రోగికి ఇన్సులిన్ ఇవ్వాలి. పేరు ఓబులమ్మ. నిన్న సాయంత్రం చేరింది, గంగాదేవి ఇంకా ఆమెను చూడలేదు. సీసా మీద పేరు చూసింది, మోతాదు చూసింది, సిరంజిలోకి ఎక్కించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి కానీ మనసు మాత్రం ముందుగదిలో, ఇంకా రాని మిషన్ల చుట్టూ తిరుగుతోంది. కరెంటు లేదు. కిటికీ పక్క మంచం మీద ఒకామె మొహం మీద కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

"ఓబులమ్మేనా?"

"ఊ," అంది కొంగు కింద నుంచి.

గంగాదేవి ఆమె చెయ్యి పట్టుకుని, స్పిరిట్ దూదితో తుడిచి, చర్మం మడిచి పట్టుకుంది. సూది మొన ఇంకాస్త ఉంటే తగిలేది.

"సిస్టరమ్మా..." మంచం కింద నుంచి ఒక సన్నటి గొంతు. "ఆ సూది నాది."

వంగి చూస్తే బండల మీద చాప, చాప మీద పాతికేళ్ళ పిల్ల. ఓబులమ్మ ఆ పిల్లే. మంచం మీదున్నది తోడొచ్చిన అత్త నల్లమ్మ. అత్త కింద కూర్చుంటే కోడలు మంచమెక్కి పడుకోవడం ఎక్కడి మర్యాద? ఎవరూ చెప్పకుండానే ఓబులమ్మ దిగి చాప పరుచుకుంది. ఎవరూ అడగకుండానే నల్లమ్మ మంచమెక్కింది.

గంగాదేవి వెంటనే ఆ చెయ్యి వదిలేసింది. సిరంజికి మూత పెట్టి పక్కన పెట్టింది. "నువ్వెందుకు ఊ అంటివమ్మా?" అని నల్లమ్మను అడిగింది.

"తెల్లకోటేసుకున్నోళ్ళు అడిగితే ఊ అనకుండా ఎట్లా తల్లీ? బలానికేమో అనుకుంటి. శనారం గదా, ఒక్కపొద్దుండా. పొద్దున్నుంచీ ఏం తిన్లేదు."

షుగరు లేని మనిషి, పైగా ఖాళీ కడుపు. ఆ మందు లోపలికి పోయి ఉంటే కళ్ళు తిరిగి పడిపోయేది, అప్పుడు కూడా ఒక్కపొద్దు వల్లేననుకుని వదిలేసి ఉండేవాళ్ళు. మళ్ళీ లేచేదో లేదో. గంగాదేవి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ముడతలు పడ్డ ఆ చెయ్యిని తనే పట్టుకుంది, తనే తుడిచింది. చూసి కూడా చూడలేదు.

"నువ్వు ముందే చెప్పొచ్చు గదా?" అంది ఓబులమ్మతో.

"అత్తమ్మ ఊ అన్యాక నేనేం చెప్పేది సిస్టరమ్మా?" తల వంచుకుంది ఆ పిల్ల. "చెప్పల్లంటే బయ్యమేసింది. చెప్పకుంటే ఇంగా బయ్యమేసింది."

నర్సింగ్ స్కూల్లో సుజాత మేడం మొదటి పాఠంలోనే చెప్పింది. మంచాన్ని చూసి మందివ్వొద్దు. పేరు నువ్వు చెప్పి ఊ అనిపించుకోవద్దు, వాళ్ళ నోటితోనే చెప్పించు. ఊ అంటే నువ్వడిగింది విన్నారని మాత్రమే. ఆ మాట ఇన్నేళ్ళూ రోగుల గురించే అనుకుంది గంగాదేవి.

డాక్టరు దగ్గరకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి, తిట్లు తిని వచ్చింది. వచ్చి ఓబులమ్మను మంచం ఎక్కించింది. నల్లమ్మకు కుర్చీ వేసింది. ఆ సిరంజి పారేసి కొత్తది తీసుకుంది.

"నీ పేరేంది?"

"ఓబులమ్మ," అంది ఆ పిల్ల, ఈసారి వార్డంతా వినపడేలా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆటో. ముందుగదిలో ఒక మిషను దింపేశారు, రెండోది దించుతున్నారు. ఈరన్న అరుగు మీద కూర్చున్నాడు.

"రామ్మా," అన్నాడు నవ్వుతూ. "మీ ఆయప్ప చెప్పినాడులే."

"నువ్వే చెప్పు అన్నకు," శివప్ప హుషారుగా అందుకున్నాడు. "ఈ నెలాఖరుకు మానేస్తాండావు గదా?"

గొంతు దాకా వచ్చింది ఊ. ఎన్నేళ్ళ అలవాటు, దారి తెలిసిన గొడ్డులా దానంతటదే నడిచొచ్చింది. గంగాదేవి పెదాలు బిగించి దాన్ని లోపలికి తోసేసింది.

"ఏం, పలకవు? పొద్దున ఊ అంటివి గదమ్మా," అంది తిప్పమ్మ గడపలోంచి.

"అన్నింది నేను కాదత్తా, నా నెత్తిమీది బిందె," అంది గంగాదేవి. చేతి సంచి అరుగు మీద పెట్టి మొగుడి ఎదురుగా నిలబడింది. "ఇప్పుడు నెత్తిన ఏమీ లేదు. నోట్లో కొంగూ లేదు. మానేస్తావు గదా అని గాదు, నీకేం కావల్ల అని అడుగు."

మిషను మోస్తున్న ఆటోవాడు దాన్ని దించాలో ఎత్తాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. శివప్ప నోరు తెరిచాడు. ఈరన్న వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో ఆయనకూ తెలిసిపోయింది.

ఆయన అడగకుండానే చెప్పింది గంగాదేవి.

"మానను."