రెండొందల పదకొండు మందు సీసాలు

గోడౌన్‌లో సామాను చూసుకునే అతన్ని అందరూ స్టోరు అనే పిలుస్తారు. మాడిపోయిన బల్బు చేతిలో పెడితే తప్ప కొత్త బల్బు ఇవ్వడు. ఇచ్చాక కూడా రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరుగుతాడు. మనిషి చెడ్డవాడేం కాదు. వస్తువు బీరువాలో ఉంటేనే క్షేమమని గట్టి నమ్మకం, అంతే.

ఆ నమ్మకంతోనే ఆరేళ్ల కిందట ‘బూడిద దారి’ అనే వీడియో గేమ్ ఆడాడు. లోకమంతా తగలబడిపోయాక మిగిలిన నలుగురూ తిండికీ నీళ్లకీ కొట్టుకు చచ్చే ఆట అది. దారిలో దొరికిన, గాయాలు మాన్పే మందు సీసాల్లో ఒక్కటీ వాడలేదు మహానుభావుడు. కుంటుకుంటూ, రక్తం కార్చుకుంటూ నూట ఎనభై గంటలు నడిచి ఆట ముగించేసరికి సంచిలో రెండొందల పదకొండు సీసాలున్నాయి. అన్నీ చివరి పోరాటానికని దాచాడు. తీరా చూస్తే చివర్లో పోరాటమే లేదు. ఆటలో అందర్నీ పీడించిన నియంత నాలుగు మంచి మాటలకే కరిగిపోయి కోట తాళాలు ఇచ్చేశాడు.

ఇప్పుడు రెండో భాగం పధ్నాలుగో తారీకున వస్తోంది. దానికోసం స్టోరు ఒంట్లో జ్వరమున్నా డ్యూటీకొచ్చి, ఏడాది పొడుగునా కూడబెట్టి పది రోజుల సెలవు దాచాడు. సరిగ్గా అప్పుడే అక్క ఫోను చేసింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, ఒంటరిగా ఉంటుంది. కుడికంట్లో పొర ముదిరింది. పదమూడున ఆపరేషను. చేతులు వణుకుతాయి కాబట్టి తర్వాత పది రోజులు చుక్కల మందు ఇంకెవరైనా వెయ్యాలి, తోడు లేకుండా డాక్టరు కన్ను ముట్టుకోనన్నాడు.

“ఇప్పుడు కాదక్కా. పధ్నాలుగు నుంచి ట్రైనింగుంది,” అన్నాడు స్టోరు.

“సర్లేరా,” అని అక్క ఫోను పెట్టేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్లు బాగుచేసే మెకానిక్ షాపులో షట్టరు సగం దించి ఆ ఆట గురించి చర్చకు కూర్చున్నారు. ఉన్నది నలుగురే. మెకానిక్, సిటీ బస్సు డ్రైవరు, కంటి ఆసుపత్రి నర్సమ్మ, స్టోరు. ఆరేళ్లుగా వాళ్లకి ఇదే పని.

“మ్యాపు ఈసారి నాలుగింతలట,” అన్నాడు మెకానిక్ ఒక ఫోను విప్పుతూ.

“నాలుగింతలెందుకయ్యా? రోజంతా బండి తోలి, ఇంటికెళ్లి మళ్లీ నడవాలా?” అన్నాడు డ్రైవరు. ఆటలో ఒక బస్సు పెడతారని అతని ఆశ. అది కదిలే బస్సు కాకపోయినా ఫర్వాలేదట.

“అవన్నీ తర్వాత. పాత సంచి వస్తుందా, రాదా?” అన్నాడు స్టోరు.

“రాదు,” అన్నారు ముగ్గురూ.

“ఎందుకు రాదు? కడుపు కట్టుకుని దాచాను.”

“రెండో భాగమంటే ఒట్టి చేతులతోనే మొదలు. వరదలో కొట్టుకుపోయిందంటారు, లేకపోతే దొంగలెత్తుకుపోయారంటారు,” అన్నాడు మెకానిక్.

“నామీద పగబట్టారు,” అన్నాడు స్టోరు. కంపెనీవాళ్ల మీద అతనికి నిజంగానే కోపమొచ్చింది.

“సంచి పోతే పోయింది అన్నయ్యా,” అంది నర్సమ్మ. “నాకు వంటావిడ కనబడితే చాలు.”

వంటావిడ అంటే ఆటలో మొదటి నుంచీ మన వెంట నడిచే మనిషి. వీపుకి పెద్ద గిన్నె కట్టుకుని, దారి పొడుగునా మనల్ని తిడుతూ, ఉన్నదాంట్లో మనకే ముందు వడ్డిస్తుంది.

“ఆవిడెలా వస్తుంది? సొరంగంలో చచ్చిపోయిందిగా,” అన్నాడు స్టోరు.

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

“చచ్చిపోవడమేంటి?” అన్నాడు డ్రైవరు. “నాకు చివరిదాకా ఉందే.”

“నాకూ ఉంది,” అంది నర్సమ్మ. “తుపాకీ గుండు తగిలి పడిపోయి ఒక్క సీసా అడుగుతుంది. ఇస్తే లేచి కూర్చుని, ఇంత ఆలస్యమా అని తిడుతుంది.”

స్టోరు ఇన్నాళ్లూ కథే అంత అనుకున్నాడు. ఆవిడ అందరి ఆటలోనూ అక్కడే పోతుందనుకుని ఆరేళ్లు గడిపేశాడు. ఆవిడ అడిగినప్పుడు తెరమీద రెండు జవాబులు వచ్చాయి, ‘ఇదిగో’ అని ఒకటి, ‘ఇప్పుడు కాదు’ అని ఒకటి. తను ఏది నొక్కాడో బాగా గుర్తుంది.

“అప్పటికి నీ దగ్గర ఎన్నున్నాయి?” అన్నాడు మెకానిక్.

“తొంభై.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నర్సమ్మ అతని వైపు తిరిగింది. “అన్నట్టు, మీ అక్కయ్య ఆపరేషను వద్దని చెప్పడానికి ఆసుపత్రికొచ్చింది. రేపటిదాకా ఆగమని నేనే పేరు కొట్టెయ్యకుండా ఉంచాను. ఈ తేదీ పోతే మళ్లీ నాలుగు నెలలకి గానీ రాదు. అప్పటిదాకా ప్రెస్సువాళ్లు ఆగరట. ఇంతకీ నీకేం ట్రైనింగు అన్నయ్యా?”

స్టోరు లేచి, వంగి, షట్టరు కింద నుంచి బయటికొచ్చాడు. బస్సు కోసం కూడా ఆగలేదు, అక్క ఇంటిదాకా నడిచే వెళ్లాడు.

అక్క కిటికీ దగ్గర కూర్చుని, ఎడమకన్నొక్కటే పెట్టి ప్రూఫు చూస్తోంది.

“పదమూడుకి నేనొస్తున్నా. పది రోజులూ ఇక్కడే ఉంటా,” అన్నాడు.

“మరి నీ ట్రైనింగు?”

“ట్రైనింగు లేదు, ఏం లేదు. ఆట కోసం అబద్ధమాడాను.”

“తెలుసులే. గోడౌన్ తాళాలు తియ్యడానికి పది రోజుల ట్రైనింగేంట్రా?”

“తెలిసీ ఊరుకున్నావా?”

“ఏడాది నుంచి దాచుకుంటున్నావు కదా. ఎలా అడగను?” అంది అక్క, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది స్టోరుకి. వంటింట్లోకి వెళ్లి దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

ఆపరేషను బాగానే జరిగింది. స్టోరు ఆట యంత్రాన్ని తనింట్లోనే వదిలేసి వచ్చాడు. దాని ముందు కూర్చుంటే తనకి గడియారం కనబడదని తెలుసు. పదహారో తారీకు సాయంత్రం డ్రైవరు ఫోను చేశాడు. గొంతు వింటే రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేదు.

“సంచి రాలేదు గురూ. వరదే. కానీ వంటావిడ ఉంది చూశావూ...” అని ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. “పాత ఆటలో ఆవిణ్ణి పోగొట్టుకున్నవాళ్లకి ఏమవుతుందో కూడా తెలిసిపోయింది. చెప్పనా?”

స్టోరు గడియారం చూశాడు. నాలుగైంది, చుక్కలు వేసే వేళ.

“ఇప్పుడు కాదు,” అని ఫోను పెట్టేశాడు.

అక్క తల వెనక్కి వాల్చింది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది రెప్ప మీద పడింది. మూడోది కంట్లో పడింది.

“సగం మందు చెంపకే పోస్తున్నావేంట్రా? వృథా,” అంది అక్క.

“పోతే పోనీ. ఇంకో సీసా తెచ్చా,” అన్నాడు స్టోరు.